బీరువాలో దాచిన రసీదు

మా పద్మారావునగర్ ఇంట్లో మేడమీద వాటాలో ఉండే ఆవిడ వరసకి నాకు వదిన. మొన్న బీరువా తెరిచి ఒక కవరు తీసి చూపించింది. అందులో ఉన్నది ఒక రసీదు. కూతురి ఎంబీబీఎస్ సీటు కోసం ఎవరో ఏజెంటుకి కట్టిన అడ్వాన్సుది. ఆమె నాలుగు గాజులూ ఆ కాగితంలోకే పోయాయి. ఇప్పుడు సీటూ లేదు, ఏజెంటూ లేడు, ఆఫీసుకి తాళం.

"పోలీసు కంప్లైంటు ఇద్దాం వదినా" అన్నాను.

"వద్దులే. మీ అన్నయ్య ఒప్పుకోరు. రేపు పిల్లకి సంబంధాలు చూడాలి, పరువు పోతుంది."

ఎవరి పరువండీ పోయేది? సొమ్ము తిన్నవాడిదా, పోగొట్టుకున్నవాళ్లదా?

ఇంకో మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. "ముందే చూసుకోవాలి కదా!" అని. సరే, ఏం చూసుకోవాలో చెప్పండి. కడప ఫాతిమా కాలేజీలో 2015-16లో 100 మంది పిల్లలు చేరారు. భవనం ఉంది, బోర్డు ఉంది, ఆ ఏటికి మెడికల్ కౌన్సిల్ అనుమతి మాత్రం లేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఆ సీట్లు నిలబడలేదు. 2017లో విజయవాడలో కొందరు పిల్లలు సెల్ టవరెక్కారు. ఏ తల్లి చూడగలదండీ అది?

2022లో మన తెలంగాణలోనే మూడు ప్రైవేటు కాలేజీల అడ్మిషన్లను నేషనల్ మెడికల్ కమిషన్ రద్దు చేసింది. అవేమీ దొంగ కాలేజీలు కావు, అనుమతి ఉన్నవే. అయినా పిల్లలు పుస్తకాలు పక్కనపెట్టి ధర్నాలు చేశాకగానీ వేరే కాలేజీల్లోకి సర్దలేదు. 2025లో సీబీఐ పెట్టిన కేసులోనైతే, తనిఖీ రోజున లేని డాక్టర్లనీ లేని రోగులనీ చూపించారని, తనిఖీవాళ్లకి లంచాలిచ్చారని ఆరోపణ. అది ఇంకా కోర్టులో తేలాలి. తేలితే మాత్రం, చూడాల్సినవాళ్లే కళ్లు మూసుకున్నట్టు. ఇక వంటింట్లో ఉన్న నన్ను "చూసుకోలేదేం" అని అడిగే హక్కు ఎవరికుంది?

ప్రతి కాలేజీ గేటు మీద ఆ ఏటి అనుమతి, సీట్ల సంఖ్య తెలుగులో రాసి పెట్టించండి. అనుమతి పోతే ఫీజు వెనక్కి ఇప్పించి, పిల్లల్ని వెంటనే వేరే కాలేజీలో చేర్చండి. తప్పు కాలేజీది, అనుమతి మీది. ఏళ్లు మాత్రం మా పిల్లలవా?

మనమూ కొంచెం గట్టిపడాలి. మేనేజ్‌మెంట్ సీటైనా సరే, నీట్ రాసి కౌన్సెలింగులో నుంచే రావాలి. "అవన్నీ నేను చూసుకుంటానమ్మా" అన్నవాడికి పైసా ఇవ్వకండి. నగదు అసలు వద్దు. కాలేజీకి వెళితే ఏసీ ఆఫీసులో కూర్చోకండి, ఓపీలోకి నడవండి. మా ఇంటి దగ్గర గాంధీ ఆస్పత్రిలో పొద్దున్నే చీటీల కోసం ఎంత లైనుంటుందో చూశారా? రోగులే లేని చోట డాక్టరు ఎలా తయారవుతుంది?

మోసపోయాక మాత్రం దాచుకోకండి. మనం నోరు మూసుకున్న ప్రతిసారీ వాడు ఇంకో పేటలో ఇంకో బోర్డు పెడతాడు.

నిన్న వదిన చేత కంప్లైంటు రాయించాను. అన్నయ్య ఇంకా మాట్లాడటం లేదు. రేపు స్టేషనుకి మేమిద్దరమే వెళ్తున్నాం. మీ బీరువాలోనూ అలాంటి కవరుంటే, బయటికి తీయండి.