ఇళ్ళు కట్టారు సరే – కాలనీని కాచేదెవరు?

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఇల్లు కట్టడం కష్టమే, కాదనలేం. ఐతే నూరిళ్ళు ఒక్కచోట కట్టి, ఆ వాడను ఇరవై ఏళ్ళు శుభ్రంగా నిలబెట్టుకోవడం అంతకంటె కష్టం. ఆ సంగతి మన సామెతల్లో లేదు, మన ప్రభుత్వ ప్రణాళికల్లోనూ ఎక్కువగా కనిపించదు. విద్యార్థి మిత్రులతోను, గురువులతోను ఆ విషయమే నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ ప్రయత్నం.

మన గడ్డమీద ప్రభుత్వం ఇళ్ళ సంగతి పట్టించుకోవడం కొత్త కాదు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. 1956 నాటి చట్టం కింద ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు వచ్చింది. 2014 తర్వాత మనకు తెలంగాణ హౌసింగ్ బోర్డు. దీని పద్ధతి అందరికీ తెలిసిందే. భూమి సేకరిస్తారు. లేఅవుట్ గీస్తారు. రోడ్లు, మోరీలు, నీళ్ళ పైపులు వేస్తారు. పార్కుకింత, బడికింత అని జాగా వదులుతారు. ఆదాయాన్నిబట్టి చిన్నా పెద్దా ఇళ్ళు కట్టి, దరఖాస్తులు పిలిచి, లాటరీ తీసి, వాయిదాల మీద ఇస్తారు. గుమాస్తాలు, బడిపంతుళ్ళు, చిన్న ఉద్యోగులు సొంత ఇంటివాళ్ళయిందంటే ఇటువంటి పథకాల చలవే. మన నిజామాబాదు పట్టణంలోనూ హౌసింగ్ బోర్డు కాలనీ ఉంది. ఈ మేలును మరచిపోతే కృతఘ్నత అవుతుంది.

మరి చిక్కెక్కడ? ఇళ్ళు ఇచ్చేయడంతో కట్టినవారి పని దాదాపు తీరిపోతుంది. రోడ్లు, మోరీలు, ఖాళీ జాగాలు మునిసిపాలిటీకి అప్పగించాలి. ఆ అప్పగింత ఆలస్యమైతే కాలనీ ఎటూ కాకుండా పోతుంది. నేను చదువుకునే రోజుల్లో కిరాయికున్న ఒక కాలనీలో వానాకాలం మోరీ నిండి, నీళ్ళు ఇండ్లలోకి వచ్చినయి. ఒక ఆఫీసుకు పోతే “మా పని అయిపోయింది” అన్నారు. ఇంకో ఆఫీసుకు పోతే “మాకింకా అప్పజెప్పలేదు” అన్నారు. చివరికి ఇల్లిల్లూ తిరిగి చందా పోగుచేసి, మనుషులను పెట్టి పూడిక తీయించుకున్నాం. మరుసటేడు వానలకు మళ్ళీ అదే కథ. నక్షాలో పచ్చరంగు వేసిన పార్కు మాత్రం గుంజలు పాతిన పశువుల దొడ్డిగా ఉండేది. తప్పంతా ఆఫీసులదే అంటే అన్యాయం. మోరీమీద మెట్లు కట్టుకున్నది మనమే. ప్రహరీగోడను రెండడుగులు ముందుకు జరిపింది మనమే గదా!

ఇక బోధన్ వైపు చూద్దాం. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది, చెరకు పండింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, దానితోపాటు శక్కర్‌నగర్ పెరిగింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదని పేరు తెచ్చుకున్న ఈ కర్మాగారం తన కార్మికులకు క్వార్టర్లు కట్టించడమే కాదు, వాటి బాగోగులూ చూసింది. అక్కడ పనిచేసి రిటైరైన మా ఊరి తాత ఒకరు ఇట్ల చెప్పేవారు: “నల్లా ఖరాబైతే ఒక చిట్టీ రాసిస్తే సాలు బిడ్డా, పొద్దుగూకేలోపు మనిషొచ్చెటోడు.” 2002లో ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు, గానుగ ఆగింది. ఆ తర్వాత తాత అన్నమాట వేరు: “ఇప్పుడు చిట్టీ ఎవలికియ్యాలె బిడ్డా?”

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట కాచేవాడెవరో మొదటినుంచీ తేలలేదు. రెండోచోట కాచేవాడున్నాడు గాని, వాడిమీదే అంతా ఆధారపడింది. వాడు పడిపోతే వాడా పడిపోయింది. కాబట్టి కాలనీకి కావలసింది దయగల యజమాని కాదు, చట్టంలో చోటు, చేతిలో నిధి ఉన్న ఒక స్థిరమైన ఏర్పాటు.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. సింగపూరులో 1960లో గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. ఇళ్ళు కట్టడం ఒక ఎత్తు, వాడలను చూసుకోవడం ఇంకో ఎత్తు అని గ్రహించి, 1988లో పట్టణ మండళ్ళ చట్టం చేశారు. ప్రతి ఇంటివారూ నెలనెలా రుసుము కడతారు. అందులో కొంత పెద్ద మరమ్మతుల కోసం విడిగా దాచిపెడతారు. దీనికి భిన్నంగా అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ప్రూయిట్-ఐగో అనే వాడ 1950ల నడుమ వెలసింది. పదకొండంతస్తుల భవనాలు 33. నిర్వహణ ఖర్చు పేదవారు కట్టే కిరాయిలోంచే రావాలన్నారు. కిరాయి చాలలేదు, మరమ్మతు ఆగింది. 1972లో ప్రభుత్వమే ఆ భవనాలను కూల్చడం మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో 2015 తర్వాత కట్టిన రెండు పడకగదుల ఇళ్ళ సముదాయాలకు ఇది గట్టి హెచ్చరిక. లిఫ్టు, నీళ్ళ మోటారు, సెప్టిక్ ట్యాంకు ఖర్చంతా కూలిపని చేసుకునే కుటుంబాలమీదే వేస్తే ఆ ఇళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయి?

అందుకని నా అభిప్రాయంలో మూడు పనులు జరగాలి. మొదటిది, ఇల్లు అమ్మిన రోజే ధరలో కొంత భాగం నిర్వహణ నిధిగా బ్యాంకులో వేయాలి. పేదల ఇళ్ళకు ఆ భాగం ప్రభుత్వమే భరించాలి. రెండవది, అప్పగింతకు తేదీ ఉండాలి. ఏ రోడ్డు, ఏ మోరీ, ఏ పార్కు అప్పగించారో జాబితా రాసి, కాలనీవాసుల సంతకం తీసుకోవాలి. మూడవది, 2019 మునిసిపల్ చట్టం ప్రతి వార్డులో యువకులకు, స్త్రీలకు, వృద్ధులకు, ప్రముఖ పౌరులకు వేర్వేరు కమిటీలు పెట్టమంటున్నది, బడ్జెట్‌లో పదోవంతు పచ్చదనానికి కేటాయించమంటున్నది. ఆ కమిటీలు కాగితంమీద కాకుండా వాడల్లో కూర్చోవాలి.

“డబ్బెక్కడిది?” అని అడిగేవారుంటారు. పూడిక తీయని మోరీవల్ల వచ్చే జ్వరాల ఖర్చు, గుంటల రోడ్డుమీద విరిగే కాళ్ళ ఖర్చు లెక్కవేస్తే జవాబు దొరుకుతుంది. ఆ ఖర్చు ఇప్పుడూ మనమే పెడుతున్నాం. కాకపోతే డాక్టరుకు పెడుతున్నాం.

మిత్రులారా! 2005లో నిజామాబాదు కార్పొరేషన్ అయింది. 2017లో పట్టణాభివృద్ధి సంస్థ వచ్చింది. ఊరు పొలాల్లోకి పాకుతున్నది, రోజుకో వెంచరు లేస్తున్నది. మనం ఊరేగింపులు తీయగలం, నినాదాలివ్వగలం. ఈసారి సెలవుల్లో ఇంకో పని చేద్దాం. భూగోళం, అర్థశాస్త్రం చదివేవారు నలుగురేసి జట్టుగా, నక్షా చేతబట్టుకొని ఒక్కో కాలనీకి పోదాం. నక్షాలో ఉన్న పార్కు నేలమీద ఉందా, మోరీ చివరికి ఎక్కడ కలుస్తున్నది, దాన్ని చూసే ఆఫీసు ఏది – ఈ మూడే ప్రశ్నలు అడిగి రాసుకుందాం. ఆ పుస్తకాన్ని కమిషనరుగారి చేతిలో పెడదాం.

చిట్టీ ఎవరికియ్యాలె అని తాత అడిగిన ప్రశ్నకు ప్రతి వాడలోనూ ఒక పేరు, ఒక గది, ఒక జవాబు దొరికిననాడే మనకు ఇళ్ళు కట్టడం వచ్చిందని చెప్పుకోవచ్చు.