అమ్మ నమ్మింది గనుక

తల్లి బతికున్నంతకాలం ఆమె నమ్మకాలతో పోట్లాడవచ్చు. పోయిన మర్నాటి నుంచి ఆ వీలుండదు. "మీ అమ్మకి ఇష్టం రా" అని ఒక్క మాటంటే చాలు, ఎంతటి నాస్తికుడైనా తడిపంచెతో ఏట్లో దిగాల్సిందే. కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఒక్క విషయంలోనూ చెల్లని ఆమె మాట, పాడె లేచాక ఇంటిల్లిపాదికీ శాసనమైపోతుంది. ఆ శాసనంలోనైనా ఆమె నమ్మినవన్నీ ఉంటాయా అంటే ఉండవు. చుట్టాలకు నచ్చినవే ఉంటాయి.

మా అమ్మ మహా భక్తురాలు. కార్తీకమాసం చన్నీళ్ళ స్నానాలు, శనివారం ఒక్కపొద్దు, పిల్లల్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా పసుపుగుడ్డలో రూపాయి కట్టి వెంకన్నకు ముడుపు. అయితే ముడుపు కట్టి ఊరుకునేది కాదు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఆరెంపీ డాక్టరు దగ్గరికి పరుగెత్తేది, ఆయనిచ్చిన గోలీలు వేళ తప్పకుండా మింగించేది. జ్వరం దిగాక పేరు మాత్రం వెంకన్నదే. ఆమె ఎడమ భుజం మీద పావలా కాసంత మచ్చలు రెండుండేవి, మసూచి టీకావి. మసూచి అంటే అమ్మవారి కోపమేనని గట్టిగా నమ్మిన మా అమ్మమ్మే దగ్గరుండి ఆ టీకా వేయించిందట, గుమ్మానికి వేపమండలు కట్టిన చేత్తోనే. తరతరాల జాతరలకు లొంగని రోగం, రోగి దొరికిన చోటల్లా చుట్టుపక్కల వాళ్ళందరికీ టీకాలు వేసుకుంటూ పోతే 1975లో మన దేశం వదిలింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అది భూమ్మీదే లేదని ప్రకటించింది. మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ చెప్పుకునేది వేపమండల మహిమే. టీకా ఊసు ఎవరూ ఎత్తరు.

నేత్రదానం సంగతి అమ్మే చెప్పి పోయింది. "కాలి బూడిదయ్యేవేగా, ఎవరికన్నా ఇస్తే పోలా?" అంది. ప్రాణం పోయాక సుమారు ఆరు గంటల్లోపు కార్నియా తీసుకోవాలి. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళయినా పనికొస్తాయి. ఫోన్ చేస్తుంటే మేనత్త అడ్డుపడింది. కళ్ళు తీస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడుతుందట. "ఒళ్ళంతా కట్టెల మీద పెడుతున్నాం కదత్తా, మరి వచ్చే జన్మకి ఏం మిగులుతుంది?" అన్నాను. ఆమె జవాబు చెప్పలేదు, బావురుమంది. ఏడుపుతో ఎవరు వాదిస్తారు? కళ్ళు తీసుకెళ్ళేవాళ్ళు త్వరగా వచ్చేశారు కాబట్టి ఆ పూటకి అమ్మ మాట నెగ్గింది.

పదో రోజున నెగ్గలేదు. ఏటిగట్టున పిండాలు పెట్టారు. కాకి రాలేదు. అంతమంది చుట్టూ మూగి చూస్తుంటే ఏ కాకి వస్తుంది? "ఏదో కోరిక మిగిలిపోయింది" అన్నారెవరో. మనవరాలి పెళ్ళి ఘనంగా చేస్తామని ఒకరు, అస్థికలు కాశీలో కలుపుతామని ఇంకొకరు మాటిచ్చారు. ఎండకు తాళలేక జనం చెట్టు నీడకు జరిగారు, కాకి వాలింది. సరిగ్గా అప్పుడు బాబాయి పొలం గట్టు తగాదా మానుకుంటానని ఒట్టేస్తున్నాడు. దాంతో అమ్మ బెంగంతా ఆ గట్టు మీదేనని తేలిపోయింది. ఆ గట్టు ఎక్కడుందో కూడా ఆవిడకు తెలియదు పాపం.

పిండాన్ని ప్రశ్నించడం ఈనాటి నాస్తికుల పైత్యం అనుకునేవాళ్ళు అయోధ్యకాండ తిరగేస్తే మంచిది. ఇక్కడ ఒకరు తిన్నది ఇంకొకరి ఒంట పట్టేట్టయితే, ఊరెళ్ళినవాడికి ఇంట్లోనే శ్రాద్ధం పెట్టవచ్చు, దారిబత్తెం మోయించడమెందుకని జాబాలి అందులో రాముణ్ణి నిలదీస్తాడు. రాముడు కోప్పడ్డాడు, సత్యం గురించి చాలాసేపు చెప్పాడు. దారిబత్తెం ప్రశ్న అక్కడే ఉండిపోయింది. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహంలో చార్వాకుల పేర అదే వాదాన్ని మళ్ళీ ఎక్కించాడు. మనవాళ్ళు జవాబు వెతకలేదు గానీ పట్టీకి శయ్యాదానం చేర్చారు. జీవితమంతా నులకమంచం మీద పడుకున్న మనిషి పేరిట కొత్త పరుపు, గొడుగు, చెప్పులు కొన్నాం.

వీటికి డబ్బే పోతుంది. నాకు నిజంగా కోపం వచ్చేది ఇంకొకటుంది. నాన్న పోయిన పదో రోజున అమ్మ చేతి గాజులు పగలగొట్టించుకుంది, నోరెత్తకుండా. ఆ తర్వాత అక్క పెళ్ళిలో వంటింటి తలుపు దాటి రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు, తనకే ధైర్యం చాలలేదు. తన నీడ కూతురి కాపురానికి కీడని మనసారా నమ్మింది. ఆ నమ్మకమూ ఆమెదే. కార్తీక స్నానాలను ఇష్టంగా తలుచుకుంటాను గానీ దీన్ని వారసత్వమంటే ఒప్పుకోను.

మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామసభ 2022 మేలో, భర్త పోయినప్పుడు గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, మంగళసూత్రం తెంపడం మానాలని తీర్మానించింది. ఆ దారిలోనే నడవమని ఆ నెలలోనే ప్రభుత్వం మిగతా పంచాయతీలకు రాసింది. మా ఊళ్ళో అలాంటి తీర్మానమేదీ లేదు. పోయినేడు బావ పోయినప్పుడు మేనత్తలు అక్క చుట్టూ చేరి, "మీ అమ్మంతటిది చేయించుకుంది, నువ్వెంత?" అన్నారు. అక్క చేతులు చాపలేదు. ఇద్దరు మేనత్తలు భోజనం చెయ్యకుండా బస్సెక్కారు. ఇప్పుడు కూతురి పెళ్ళి కుదిరింది, పీటల మీద తనే కూర్చుంటానంటోంది. శుభలేఖలో ఆహ్వానించేవాళ్ళ దగ్గర అక్క పేరు వెయ్యాలా, పెదబావగారి పేరు వెయ్యాలా అన్నది ఇంకా తెగలేదు. ప్రెస్సువాడు ప్రూఫు పట్టుకుని ఇప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళాడు.