సుంకపు పొత్తులు - రైతు లెక్క

కొన్ని దేశములవారు తమలో తాము సుంకము లేకుండ సరకులు ఇచ్చిపుచ్చుకొనుటకును, వెలుపలివారి సరకుపై అందఱును ఒకే రేటున సుంకము వేయుటకును చేసికొను కట్టుబాటునకు సుంకసమాఖ్య యని పేరు. వెలుపలివారిపై ఎవరి రేటు వారు ఉంచుకొన్నచో అది స్వేచ్ఛావర్తకపు ఒడంబడిక. ఇట్టి పొత్తులవలన అందఱికిని మేలేయని తఱచు వినుచున్నాము. అది సగము మాత్రమే నిజమని మా యభిప్రాయము.

రైతుసోదరులారా, ఒక చిన్న లెక్క చూడుడు. మన సంతకు ఉల్లిపాయల బస్తా దూరపు ఊరినుండి 100 రూపాయలకును, పొరుగూరినుండి 110 రూపాయలకును వచ్చుననుకొందము. ఇరువురికిని 20 రూపాయల ఆశీలు కలదు. అప్పుడు దూరపు బస్తా 120, పొరుగు బస్తా 130. మనము దూరపుదే కొందుము. 20 రూపాయలు ఊరి పెట్టెలో పడును. పొరుగూరితో పొత్తు కుదిరి వారికి మాత్రమే ఆశీలు తీసివేసినచో వారి బస్తా 110కే వచ్చును. కొనువానికి 10 రూపాయలు మిగులును. ఊరికి 20 పోవును. చౌకగా పండించిన దూరపు రైతునకు బేరము పోవును. ఇది వర్తకము దారి మళ్లుట. అంతకుముందు హెచ్చు ఖర్చుతో దొరకుచున్న సరకు పొత్తువలన తక్కువ ఖర్చుతో దొరకినచో అది వర్తకము నిజముగా పెరుగుట. ఈ భేదమును 1950లో జేకబ్ వైనర్ అను అర్థశాస్త్రజ్ఞుడు విశదపఱచెను.

ఇందులకు న్యూజీలాండు పాడిరైతుల కథ మంచి నిదర్శనము. శీతల యంత్రముగల ఓడ 1882లో ఆ దేశపు మాంసమును లండనుకు చేర్చినది మొదలు, వారి వెన్నకును చీజునకును ఇంగ్లాండే పెద్ద సంత యయ్యెను. ఆ రైతులు మనవలెనే సహకార సంఘములలోని సభ్యులు. 1973 జనవరి 1న ఇంగ్లాండు యూరోపియను ఆర్థిక సమాజమున చేరగా, సమాజములోని వెన్నకు ద్వారము తెఱువబడెను. చౌకయైన న్యూజీలాండు వెన్నకు అడ్డు వచ్చెను. ఇంగ్లాండు గృహిణియు హెచ్చు వెల యిచ్చుకొనవలసి వచ్చెను.

అయినను ఆ రైతులు నిద్రపోలేదు. 1961లో ఇంగ్లాండు మొదట దరఖాస్తు పెట్టినప్పుడే అపాయమును గుర్తించిరి. 1973 మొదలు 1977 వఱకు ఏటేట కొంచెము తగ్గునట్లు వెన్నను పంపుకొను గడువును వారి ప్రభుత్వము సంపాదించెను. ఆలోగా వారి డెయిరీ బోర్డు ఆసియా మొదలగు చోట్ల క్రొత్త సంతలు వెదకెను. గడువును, ఐకమత్యమును వారిని నిలువబెట్టినవి.

మన సంగతి చూతము. ఆగ్నేయాసియా దేశములతో మన దేశము 2009లో సంతకము చేసిన ఒడంబడిక సుంకసమాఖ్య గాదు, స్వేచ్ఛావర్తకపుదే. అందు ముడి పామాయిలుపై సుంకపు పరిమితి 80 శాతమునుండి 2019 చివరకు 37.5 శాతమునకు దిగవలెనని యున్నది. ఆ పరిమితికి లోబడి ప్రభుత్వము రేటును ఎట్లైనను మార్చవచ్చును. 2024 సెప్టెంబరులో మూల సుంకము 20 శాతమయ్యెను. 2025 మేలో 10 శాతమునకు తగ్గెను. వంటనూనె చౌకయగుట పేదలకు మేలే. దానిని మేము కాదనము. కాని ఆయిల్ పామ్ మొక్క నాటిన నాలుగేండ్లకు గాని సరిగా గెల వేయదు. గెల ధర నూనె ధరను బట్టియే యుండును. ఆంధ్ర, తెలంగాణ రైతు తోటను ఎనిమిది నెలలలో మార్చుకొనగలడా?

కావున ఒడంబడికలు వలదని మేము చెప్పుట లేదు. సంతకమునకు ముందు రైతు సంఘములను సంప్రతింపవలెను. సుంకము తగ్గించునప్పుడు పైరు వయస్సునకు తగిన గడువు నీయవలెను. సభ్యులును తమ పంట ఏ పట్టికలో చేరినదో, ఎన్నేండ్లలో ఎంత సుంకము తగ్గునో సర్వసభ్య సమావేశమున అడిగి తెలిసికొనవలెను. విత్తనము నాటకముందు నేలను పరీక్షించు రైతు, సంతను పరీక్షింపకుండుట తగదు.