పంచాయతీ పద్దు పిల్లల చేతికి

శ్రీకాకుళ విజయనగర ప్రాంతములలోని ఏ పల్లెకైనను ఒకనాటి సాయంకాలము పోయి చూడుడు. అరుగుమీద తండ్రి కూర్చుండును. అతని బ్యాంకి పుస్తకమును విప్పి చదివి చెప్పునది పదవ తరగతి చదువు కూతురు. ఆసుపత్రి చీటియు, పింఛను కాగితమును, సెల్లుఫోనునకు వచ్చిన ప్రభుత్వ సమాచారమును ఆ పిల్లయే చదువవలయును. 2011 జనాభా లెక్కలలో అక్షరాస్యులు విజయనగరము జిల్లాలో నూటికి 58.89, శ్రీకాకుళము జిల్లాలో 61.74. చదువు రాని యింటికి పదునైదేండ్ల పిల్లయే కరణము. ఇంటి కరణీకము నడుపగల ఆ పిల్ల ఊరి లెక్క చదువుటకు మాత్రము తగదని మన మెప్పుడు నిర్ణయించితిమి?

బాలురకు నాయకత్వము నేర్పవలయునను మాట నేడు ప్రతి వేదికమీదను వినబడుచున్నది. వినుట కింపుగానే యున్నది. 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవమున, అమరావతిలో విద్యార్థులచేత మాదిరి శాసనసభను నడిపించిరి. మారుమూల పల్లెల పిల్లలు బెదరక మాటలాడుట చూచి సంతోషింపని తెలుగువాడుండడు. అయినను మాదిరి సభలో ఎవరు గెలిచినను ఏ యూరి బోరింగును బాగుపడదు. ఎవరు తప్పు చెప్పినను ఎవరికిని నష్టము లేదు. నష్టము లేనిచోట బాధ్యత యెట్లు అలవడును?

మన జాతీయోద్యమ నాయకులు ఈ విద్య నెక్కడ నేర్చిరో జ్ఞప్తికి దెచ్చుకొనవలయును. 1882లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము చేసెను. 1884లో చెన్నరాజధానిలో స్థానిక సంఘముల చట్టములు వచ్చెను. 1888లో విజయనగరమున పురపాలకసంఘ మేర్పడెను. ఆ యధికారము బహు స్వల్పమనియు, దొరల కనుసన్నలలో నడచునదనియు మనవారెరుగుదురు. ఎరిగియు దానిని విడువలేదు. ప్రకాశము పంతులుగారు రాజమహేంద్రవరమునను, వల్లభభాయి పటేలు అహమ్మదాబాదునను, జవహర్లాలు నెహ్రూ అలహాబాదునను పురపాలకసంఘములకు పెద్దలై మురుగుకాలువలతోను, వీథిదీపములతోను, ఇంటిపన్నులతోను కుస్తీ పట్టిరి. పన్ను విధించి తిట్లు తినుట యెట్లో అచ్చట నేర్చినవారే తరువాత దేశమును నడపిరి.

మన ప్రాంతమున బాలురకు నాయకత్వశిక్షణ లేదనుటకు వీలు లేదు. కోరుకొండ కోటలో 1962 నుండి సైనిక పాఠశాల నడచుచున్నది. పదిపండ్రెండేండ్ల పిల్లవాని నచ్చట చేర్చుకొని, తెల్లవారుజామున లేపి, వరుసలో నిలిపి, సేనను నడపదగినవానిగా తీర్చుచున్నారు. సేనానిని తయారుచేయుట కింత శ్రద్ధ వహించిన మనము ఊరి సర్పంచిని తయారుచేయుటకు ఏమి చేయుచున్నాము? 18 యేండ్లకు వోటు, 21 యేండ్లకు పంచాయతీకి పోటీచేయు హక్కు ఇచ్చితిమి. అంతకుముందు ఊరి పాలన వానికి కంటబడదు. 21 యేండ్లు నిండిననాటికి వానికి తెలిసిన రాజకీయమెల్ల గోడమీది ప్రకటనలును, మోటారుసైకిళ్ల ఊరేగింపులును మాత్రమే.

సేవ యున్నది గదా యని కొందరందురు. ఉన్నది. 1969లో గాంధీమహాత్ముని శతజయంతి సంవత్సరమున ప్రారంభమైన జాతీయ సేవాపథకమున చేరిన విద్యార్థి యేటికి 120 గంటలు సేవచేయవలయును. పల్లెలో ఏడుదినములు విడిదిచేసి వీథు లూడ్చి మొక్కలు నాటుచున్నారు. పిల్లల చేతులకు మట్టి యంటుట మేలే. కాని వీథి నూడ్చిన పిల్లవాడు "ఈ కాలువ యేడాదిగా ఎందుకు తీయలేదు? దీనికి వచ్చిన సొమ్మెంత?" అని ఒక్క ప్రశ్న వేసెనా, విడిదిలోని పెద్దలకు ముచ్చెమటలు పోయును. 2019లో మన రాష్ట్రమున ఏబది యిండ్ల కొకరు చొప్పున గ్రామ వాలంటీర్లు వచ్చిరి. 2024 తరువాత ఆ యేర్పాటు నిలిచిపోయినది. పింఛను ఇంటికి తెచ్చి యిచ్చుట ముసలివారికి గొప్ప యుపకారమే. అయితే ఆ యువకులు పైనుండి వచ్చినదానిని పంచుట నేర్చిరి గాని, ఊరి తరఫున పైవారిని అడుగుట నేర్వలేదు.

అడుగుట నేర్పిన యేర్పాటును మనమే యొకమారు చేసియుంటిమి. ఉపాధిహామీ చట్టము 2006లో మొదటి విడతగా అమలైన జిల్లాలలో విజయనగర మొకటి. ఆ పనులమీద ఉమ్మడి రాష్ట్రమున సామాజిక తనిఖీ పెట్టి, కూలీల కుటుంబములలోనే కొంచెము చదువుకొన్న యువతీయువకులను ఎంచి, కొద్దిదినములు తరిఫీదిచ్చి, మస్తరు కాగితములను చేతికిచ్చి యిల్లిల్లు త్రిప్పిరి. "నీ పేర ఇన్ని దినముల కూలి పడినది, నీకు ముట్టినదా?" యని వారడిగిరి. పిదప గ్రామసభలో ఆ లెక్క గట్టిగా చదివిరి. దొంగ మస్తర్లు వెలికివచ్చిన యూళ్లు కలవు. చదివినవారు పండితులు కారు; కూలివాని బిడ్డలు.

ఈ నేలమీద ఇది వింతయు కాదు. శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైనప్పటికి ఆయనకు పదునేడేండ్లు. తరువాత సవరల మొర వినవలెనన్న ముందు వారి మాట రావలెనని సవరభాష నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, వారికి బడులు పెట్టించెను. (ఆయన జీవితాంతము ఎదిరించిన గ్రాంథికములోనే ఆయనను స్మరించుచున్నాము, పంతులుగారు మన్నింతురు గాక.)

కావున మేము కోరునది చిన్న పని. 1994 నాటి పంచాయతిరాజ్ చట్టము ప్రకారము గ్రామసభ యేట రెండుమారులకు తక్కువ కాకుండ కూడవలయును. వోటరులే దాని సభ్యులు. పిల్లలకు వోటు వలదు, పదవి వలదు. సభారంభమున పంచాయతీ జమాఖర్చులను ఆ యూరి ఉన్నత పాఠశాలలో చదువు ఒక బాలికచేతను ఒక బాలునిచేతను గట్టిగా చదివింపుడు. అంతకు వారము ముందు కార్యదర్శి వారిని కూర్చుండబెట్టి పద్దు పుస్తకము చూపవలయును. ఇది రహస్యమా? 2020 నుండి పంచాయతీ లెక్కలు ఈ-గ్రామస్వరాజ్ అను తావున ఫోనులోనే కనబడుచున్నవి. 2021-26 సంవత్సరములకు 15వ ఆర్థికసంఘము స్థానికసంస్థలకు చూపిన నిధులలో నూటికి 60 వంతులు నీటికిని పారిశుద్ధ్యమునకును కట్టివేసినది. మూత్రపిండముల వ్యాధితో ఇన్నియేండ్లుగా క్రుంగుచున్న ఉద్దానములో నీటిపద్దును పిల్లలు చదివి వినిపించుట ఏ పాఠమునకు తీసిపోవును? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ కొబ్బరితోటలను కూల్చిననాడు పోయిన చెట్ల లెక్కయే రైతు బ్రతుకైనది. లెక్క వ్రాయువాడెవడు, సరిచూచువాడెవడు అన్నది అప్పుడు ప్రతి యింటను వచ్చిన ప్రశ్న.

"గుంటలకేటి తెలుసు" అని రచ్చబండమీద నవ్వు పుట్టవచ్చును. ఆ నవ్వునకు మేము జంకము. జంకవలసినది మరియొకటి యున్నది. పద్దులో తప్పు దొరకిన దినమున దానిని చదివిన పిల్లమీద, ఆ పిల్ల తండ్రి కూలిమీద ఎవరికైన కోపము రావచ్చును. పార్టీలవారు పిల్లవాని నోట తమ మాట పెట్టజూడవచ్చును. అందుచే పిల్లలు చదువుటయే గాని నిందించుట కూడదు. ప్రశ్న లడుగుట వోటరుల వంతు, జవాబు చెప్పుట సర్పంచి వంతు. చదువవలసినవారిని ఏ పార్టీ పెద్దయు గాక ప్రధానోపాధ్యాయుడే ఎంపిక చేయవలయును, ప్రతి సభకును మార్చవలయును. బాలికను విడువరాదని గట్టిగా చెప్పుచున్నాము. పదవ తరగతి దాటక మునుపే పెండ్లిమాట లెత్తు ఇండ్లు మన పల్లెలలో నేటికిని లేకపోలేదు. ఊరందరి యెదుట లెక్క చదివిన పిల్లను బడి మాన్పింప జూచు తండ్రికి పదిమంది అడ్డుపడుదురు.

చదువులు చెడునని శంకించువారికి ఒక్కమాట. చిన్న పంచాయతీ జమాఖర్చు గట్టిగా చదువుటకు అరగంట చాలును.