ఆకు మనది... మాట ఎవరిది?

పురుగుమందు పడని పొగాకు కావాలని పొదిలి వేలం కేంద్రంలో అడిగి చూడండి. బేళ్లు వరుసలుగా ఉంటాయి. రంగును బట్టి, నాణ్యతను బట్టి గ్రేడులుంటాయి. మందు కొట్టకుండా పండిన ఆకుకు మాత్రం వేరే గ్రేడు లేదు, వేరే ధర లేదు.

విదేశాల్లో చేత్తో చుట్టుకుని తాగే పొగాకులో సేంద్రియ రకానికి గిరాకీ ఉంది. ఎక్కువ డబ్బు పెట్టినా అన్నిచోట్లా దొరకదు. మన తాతలకు ఇదేమీ వింత కాదు. పెంటకుప్ప ఎరువుతో పండిన నాటాకునే చుట్టలు చుట్టుకున్నారు. మరి ఈ నేల మీద మందులేని ఆకు ఎందుకు కరువైంది? మన రైతుకు చేతకాకనా?

కానే కాదు. లద్దెపురుగుకు పొలం చుట్టూ ఆముదం ఎరగా వేయడం, వేపగింజల కషాయం కొట్టడం మనవాళ్లకు తెలుసు. తలలు తుంచాక వచ్చే పిలకలను మందుతో కాకుండా చేత్తో గిల్లడమూ తెలుసు. కానీ కూలి ఖర్చు పెరుగుతుంది, దిగుబడి తగ్గుతుంది. సేంద్రియ ధ్రువీకరణ కావాలంటే సాధారణంగా రెండేళ్లు ముందుగా మందులు మానాలి. ఆ రెండేళ్ల నష్టం ఎవరు భరించాలి? వాన మీద ఆధారపడిన కౌలు రైతా?

అన్నీ ఓర్చి పండించినా అమ్మేదెక్కడ? 1975 చట్టంతో ఏర్పడిన పొగాకు బోర్డు గుంటూరులో ఉంది. వర్జీనియా ఎంత పండించాలో అదే నిర్ణయిస్తుంది. రిజిస్టరు చేసుకున్న రైతు బ్యారన్‌లో ఆకు కాల్చి పొదిలి, కనిగిరి వంటి కేంద్రాలకు తెస్తాడు. దళారుల నుంచి రైతును కాపాడేందుకే వేలం వచ్చిందన్న సంగతి మేము కాదనం. కానీ కొనేవి కొద్ది కంపెనీలే. అవి చెయ్యి ఎత్తకపోతే బేలు వెనక్కి రావలసిందే. బోర్డు వేలం లేని నల్లబర్లీ గతి మరీ అన్యాయం. 2025లో కంపెనీలు మొహం చాటేస్తే మార్క్‌ఫెడ్ దిగి కొనాల్సి వచ్చింది.

ఒక మాట దాచకుండా చెబుతాం. సేంద్రియమైనంత మాత్రాన పొగాకు అమృతం కాదు. నికోటిన్ అదే, తారు అదే, క్యాన్సర్ అదే. సేంద్రియ పొగాకు అంటే సురక్షితమైన సిగరెట్ అని అర్థం కాదని ప్రకటనల్లో రాయడానికి అమెరికాలో ఒక కంపెనీ 2010లో ఒప్పుకోవలసి వచ్చింది. కాబట్టి విద్యార్థి మిత్రులారా, పొగ తాగమని మేము చెప్పడం లేదు. పొగాకు పెంచమనీ అడగడం లేదు. మందులేని ఆకు పండించాలా, పొగాకే మానేసి వేరే పంట వేయాలా అన్నది రైతు తేల్చుకోగలగాలి. ఆ స్వేచ్ఛ నీళ్లుంటేనే వస్తుంది.

ఆ నీళ్ల మాట 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒప్పందంలో ఇచ్చారు. తుంగభద్ర, కృష్ణా, పెన్నా జలాల్లో రాయలసీమకు, నెల్లూరుకు తొలి హక్కు అన్నారు. అప్పటికి మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలోవి. 1970లో మనల్ని తెచ్చి ప్రకాశం జిల్లాలో కలిపారు. జిల్లా మారితే ఒప్పందం చెల్లిపోతుందా? వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. 2024 మార్చిలో జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆనాటికి కూడా పొలానికి చుక్క పారలేదు. 2025లో మార్కాపురం జిల్లాకు ఆమోదం వచ్చింది, సంతోషం. కలెక్టరాఫీసు బోర్డు చూసి చేలు తడవవు గదా!

బోర్డు కేంద్రానిది, రాష్ట్రం వేరుపడితే అది మారుతుందా అని కొందరు ఉద్యోగ సోదరులు అడుగుతున్నారు. మారదు, నిజమే. కానీ నీటి పంపకం, ప్రాజెక్టులకు నిధులు, మందులు మానిన రైతుకు ఆ రెండేళ్ల ఆసరా - ఇవన్నీ రాష్ట్రం చేతిలోవే. అక్కడ మన మాట నెగ్గాలంటే మన రాష్ట్రం ఉండాలి.

ఆకు మనది. చెమట మనది. మాట కూడా మనదే కావాలి. రాయలసీమ రాష్ట్రంలో పశ్చిమ ప్రకాశం భాగం కావాలని మేము అడుగుతున్నది అందుకే.