రికార్డు నింపితే చాలునా?

1921లో చార్లెస్ ఎల్టన్ అనే ఆక్స్‌ఫర్డు విద్యార్థి యూనివర్సిటీ బృందంతో ఆర్కిటిక్‌లోని బేర్ దీవికి, స్పిట్స్‌బెర్గెన్‌కు వెళ్ళాడు. అప్పటికతనికి 21 ఏళ్ళు. జీవజాతులు తక్కువైన ఆ చలినేలమీద లంకెలు తేటగా కనబడ్డాయి: పక్షుల రెట్ట మొక్కలకు ఎరువు, మొక్కలు పురుగులకు మేత, పురుగులు పిట్టలకు, పిట్టలు నక్కలకు. 1923లో సమ్మర్‌హేస్‌తో కలిసి అచ్చువేసిన ఆ పటం ఆహారజాలపు తొలి చిత్రాల్లో ఒకటి.

మరి మనం? సీనియర్ల రికార్డు చూసి బొమ్మలు దించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆర్కిటిక్‌లో 2008 నుంచి మన దేశపు 'హిమాద్రి' కేంద్రం ఉంది. అందరం అక్కడికి పోలేం, నిజమే. ఊరి చెరువుకు పోలేమా? ప్రతి బ్యాచీ ఏడాదిపాటు ఒక చెరువును చూసి రాయాలి, దానికి మార్కులుండాలి. లెక్చరర్లూ, ఏమంటారు?