మిద్దెకు పిట్టగోడ

వేసవి రాత్రులలో మన ప్రాంతపు పిల్లలు మిద్దెలమీద పండుకొనుట వాడుక. అందుచేత క్రొత్తగా మిద్దె కట్టించు గృహస్థుడు పిట్టగోడను గూర్చి తప్పక ఆలోచించును. ద్వితీయోపదేశకాండములో దీనిని గూర్చి ఒక చిన్న ఆజ్ఞ కలదు. పిట్టగోడ లేనందున ఎవడైనను మిద్దెమీదినుండి పడి చచ్చినయెడల, ఆ రక్తాపరాధము పడినవానిది కాదు, ఇంటివానిదే యని దాని తాత్పర్యము. చూచుటకు ఇది తాపీపనివానికి ఇచ్చిన ఆజ్ఞవలె నుండును. కాని పాఠశాలలలో తుపాకులు ప్రేలుచున్న యీ కాలమున, తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును ఇంతకంటె పనికివచ్చు ఉపదేశము నాకు తోచుట లేదు.

ఈ వ్యాసమునకు కారణము మన పాఠశాలలో జరిగిన చర్చాసభ. పాఠశాలలలో జరుగు కాల్పులను ఆపుట యెట్లు అను ప్రశ్న పైతరగతుల విద్యార్థులకు ఇయ్యబడెను. ఒక బాలుడు లేచి, "అది అమెరికావారి రోగము, మనకేల?" అనెను. మరియొకడు, "ప్రతి ఉపాధ్యాయునికి ఒక పిస్తోలు ఇచ్చినచో చాలును" అనెను. రెండవవానికి చప్పట్లు హెచ్చుగా వచ్చినవి. ఇద్దరును తెలివిగల బాలురే. అయినను వారి మాటలు రెండును సరికావని నా యభిప్రాయము. సభలో సమయము చాలనందున నా కారణములను ఇచ్చట విన్నవించుచున్నాను.

మొదటి మాటను పరీక్షింతము. అమెరికాలో ఈ యుపద్రవము మిక్కిలి ఘోరముగా నున్నదనుట నిజమే. 2012 డిసెంబరు 14న శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో 20 మంది పసిపిల్లలును ఆరుగురు పెద్దలును చంపబడిరి. 2022 మే 24న టెక్సాసు రాష్ట్రములోని యువాల్డీ పట్టణమున 19 మంది పిల్లలును ఇద్దరు ఉపాధ్యాయినులును మరణించిరి. 2020వ సంవత్సరమున ఆ దేశపు బాలబాలికల మరణ కారణములలో తుపాకి మోటారు ప్రమాదములను మించి మొదటి స్థానమునకు వచ్చెను. ఇది పరుల దుఃఖమని మనము ఊరకుండజాలము. మన పాలమూరు ఇండ్లనుండియు పిల్లలు చదువునకై ఆ దేశమునకు పోవుచున్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాసు రాష్ట్రపు ఒలేతాలో హైదరాబాదు యువకుడైన ఇంజనీరు ఒకడు, 2023 మేలో టెక్సాసులోని ఆలెన్ పట్టణపు అంగళ్ల సముదాయమున ఒక తెలుగు యువతి తుపాకికి బలియైరి.

మన దేశమున ఆ రోగమే లేదనుటయు నిజము కాదు. 2007 డిసెంబరు 11న ఢిల్లీ చెంతనున్న గుర్గావ్ పట్టణమున ఎనిమిదవ తరగతి బాలుడొకడు తోటి విద్యార్థుల చేతనే పాఠశాలలో కాల్చి చంపబడెను. ఆ పిస్తోలు నిందితులలో ఒకని తండ్రిది. 2018 జనవరిలో హర్యానాలోని యమునానగరమున 12వ తరగతి విద్యార్థి తన ప్రధానోపాధ్యాయినిని కాల్చి చంపెను. ఆ రివాల్వరునకు వాని తండ్రి పేర లైసెన్సు కలదు. 2025 ఆగస్టులో ఉత్తరాఖండములోని కాశీపురమున తొమ్మిదవ తరగతి విద్యార్థి, తన్ను చెంపదెబ్బ కొట్టిన ఉపాధ్యాయునిపై కోపముతో, భోజనపు డబ్బాలో నాటు తుపాకి దాచి తెచ్చి ఆయనను కాల్చెను. ఇంతకుముందే, 2024 జులై 31న, బీహారులోని సుపౌల్ జిల్లాలో అయిదేండ్ల పసివాడు పుస్తకముల సంచిలో తుపాకి తెచ్చి పదేండ్ల బాలుని చేతిని గాయపరచెను. అయిదేండ్లవానికి హత్య యనగా నేమి తెలియును? ఇంట ఆ వస్తువు ఎచ్చట నుండునో మాత్రమే వానికి తెలిసినది.

అయినను అమెరికాతో పోల్చినయెడల మన దేశమున ఇట్టివి అరుదు. మన పిల్లలు దేవదూతలగుట దీనికి కారణము కాదు. తుపాకి సులభముగా దొరకకుండుటయే ముఖ్య కారణమని నేను తలంచుచున్నాను. అమెరికా రాజ్యాంగమునకు 1791లో చేర్చిన రెండవ సవరణ ఆయుధములు కలిగియుండు హక్కును ప్రజలకు ఇచ్చుచున్నది. మన దేశమునను అట్టి హక్కును కోరినవారు లేకపోలేదు. 1878 నాటి ఆయుధ చట్టముచేత ఆంగ్లేయ ప్రభుత్వము మనవారిని నిరాయుధులను చేసినదను బాధ ఆనాటి నాయకులకు ఉండెను. కనుకనే 1931లో కరాచీ కాంగ్రెసు తన హక్కుల తీర్మానములో, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును గూడ చేర్చెను. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభయందు కామత్‌గారు దానిని ప్రాథమిక హక్కులలో చేర్పవలెనని సవరణ తెచ్చిరి. అంబేద్కరుగారు సమ్మతింపలేదు, సభయు అంగీకరింపలేదు. నేడు మన రాజ్యాంగపు 19వ అధికరణము మనకిచ్చునది ఆయుధములు లేకుండ శాంతముగా సమావేశమగు హక్కు. 1959 నాటి ఆయుధ చట్టము లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకొనరాదని శాసించుచున్నది. 21 ఏండ్లు నిండనివానికి సామాన్యముగా ఆ లైసెన్సు లేదు.

చెడ్డవాడు చట్టమును లక్ష్యపెట్టునా యని కొందరడుగుదురు. నాటు తుపాకులు దొంగతనముగా తయారగుట మనమెరిగినదే. కాని తలుపునకు గొళ్లెము పెట్టినంత మాత్రమున దొంగతనములు లోకమున మానలేదు. అందుచేత గొళ్లెమును ఊడదీసి పారవేసిన గృహస్థుని నేను చూడలేదు. స్కాట్లండులోని డన్‌బ్లేన్ పాఠశాలలో 1996 మార్చి 13న 16 మంది పసిపిల్లలును వారి ఉపాధ్యాయినియు చంపబడిన పిమ్మట, బ్రిటను దేశము 1997లో చేతి తుపాకులను ప్రజలయొద్ద నుండకుండ చట్టము చేసెను. అంతటి ఘోరము మరల ఆ దేశపు పాఠశాలలలో జరుగలేదు.

ఇక ఉపాధ్యాయులకు పిస్తోళ్లు ఇచ్చు మాట. యువాల్డీలో ఆ దినమున 370 మందికి పైగా సాయుధులైన రక్షకభటులు వచ్చిరి. అయినను వారు ఆ తరగతి గదిలో ప్రవేశించి హంతకుని కూల్చుటకు 77 నిమిషములు పట్టెను. అది వృత్తిగా శిక్షణ పొందినవారి సంగతి. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేర్చినది పాఠము చెప్పుట, పిల్లల మనస్సును తెలిసికొనుట. మరియు పిస్తోలును నేనెచ్చట దాచవలెను? నా బల్ల సొరుగు తాళపుచెవి ఎచ్చట నుండునో నా తరగతిలోని పిల్లలందరికి తెలియును.

అట్లయిన పిట్టగోడను ఎవరు కట్టవలెను? మొదట తుపాకి గల ఇంటివాడు కట్టవలెను. అమెరికా ప్రభుత్వపు సీక్రెట్ సర్వీసువారు 1974 మొదలు 2000 వరకు అచ్చటి పాఠశాలలలో జరిగిన 37 దాడులను పరిశోధించిరి. దాడి చేసినవారిలో మూడింట రెండువంతులమంది తుపాకిని తమ ఇంటినుండియో బంధువుల ఇంటినుండియో తెచ్చుకొనిరని తేలెను. 2021 నవంబరు 30న మిషిగను రాష్ట్రములోని ఆక్స్‌ఫర్డ్ ఉన్నత పాఠశాలలో పదునైదేండ్ల బాలుడు నలుగురు తోటి విద్యార్థులను చంపెను. ఆ తుపాకి కొన్ని దినములకు ముందే తండ్రి కొనిపెట్టినది. 2024లో న్యాయస్థానములు ఆ తల్లిని తండ్రిని గూడ దోషులుగా నిర్ణయించి కారాగృహమునకు పంపెను. మిద్దెను గూర్చిన మోషే ఆజ్ఞయే ఇచ్చట తీర్పుగా వచ్చెనని నాకు తోచినది.

మన గ్రామములలోను నల్లమల అంచున అడవిపందుల బాధ గలదు. పంట కాపాడుకొనుటకై దూలము మీద నాటు తుపాకి దాచినవారు ఉండవచ్చును. పట్టణములలో లైసెన్సు గల పెద్దమనుష్యులు ఉన్నారు. ఎన్నికలు వచ్చినప్పుడు ఆ తుపాకులను ఠాణాలో అప్పగింపించుట మనము చూచుచున్నాము. ఓట్ల పెట్టెకు చూపు జాగ్రత్త ఉయ్యాలకు చూపవలదా? నాటు తుపాకి ఇంట నుంచుకొనుట నేరము, దానిని వదలుకొనుడి. లైసెన్సు గలవారు తుపాకిని ఒకచోట, తూటాలను వేరొకచోట తాళము వేసి యుంచుడి. తాళపుచెవి ఉండు చోటు పిల్లలకు తెలియనీయకుడి. దీపావళికి రీళ్ల తుపాకి కొనియిచ్చినందున పిల్లవాడు హంతకుడగునని నేననను. కాని అది మనుష్యుని ముఖముమీద గురిపెట్టు వస్తువు కాదని ఆ దినముననే చెప్పుడి.

రెండవ పిట్టగోడను కట్టవలసినవారము మేము, ఉపాధ్యాయులము. ఆదికాండములో కయీను తమ్ముని చంపకమునుపే దేవుడు వాని ముఖము చిన్నబోవుట చూచి, వానిని పిలిచి, కారణమడిగెను. చంపిన పిమ్మట అడిగిన ప్రశ్న అందరికి జ్ఞాపకమున్నది. ముందు అడిగిన ప్రశ్నను మరచుచున్నాము. నా వృత్తి తొలి దినములలో ఒక పాఠశాలయందు, ఇంటి పని చేసికొని రాని ఎనిమిదవ తరగతి బాలుని అందరి యెదుట చెంపమీద కొట్టితిని. వాడు ఏడ్వలేదు. నావైపు చూచిన ఆ చూపు నేటికిని మరువలేదు. వాని తల్లిదండ్రులు వలసకూలికై బొంబాయికి పోయిరనియు, వాడు అవ్వకు వండిపెట్టి బడికి వచ్చుచుండెననియు పిదప తెలిసినది. వానిని క్షమాపణ వేడుకొంటిని. ఆ సాయంకాలము వాని ఇంటి దూలము మీద తుపాకి యుండినచో ఏమగునో యని కాశీపురపు వార్త చదివిన దినమున నాకు వణకు పుట్టెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టరాదని నిషేధించినది. కాని చట్టము నిషేధించినదని మానుట వేరు, పిల్లవాని ముఖము చూచి అడుగుట వేరు.

మూడవ పిట్టగోడ విద్యార్థులది. పైనచెప్పిన పరిశోధనలోనే మరియొక సంగతి గలదు. ఆ దాడులలో అయిదింట నాలుగువంతులకు పైగా, ఎవరో ఒకరికి ముందుగానే తెలిసియుండెను. సామాన్యముగా వారు స్నేహితులు, సహపాఠులు. ప్రియ విద్యార్థులారా, మిత్రుడు ఆయుధమును గూర్చి గాని, ఒకరిని చంపుదునని గాని, తానే చత్తునని గాని పలికినయెడల పెద్దవారితో చెప్పుట చాడీ కాదు. వానినే కాపాడుట. ఎవనినైనను ఊరు పేరు కులము పెట్టి ప్రతిదినము ఎగతాళి చేయుచున్నచో, దానిని ఈ దినమే మానుడి.

కడపట ఒక మాట. వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాలలకు సువార్తను బడిని తెచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీల పూర్వులు పదునారవ శతాబ్దమునుండి ఆయుధము పట్టరాదను నమ్మకము గలవారు. ఆ మూలమునుండియే వచ్చిన ఆమిష్ వారి చిన్న బడిలో, పెన్సిల్వేనియా రాష్ట్రపు నికెల్ మైన్స్ గ్రామమున, 2006 అక్టోబరు 2న ఒక మనుష్యుడు పదిమంది బాలికలను కాల్చెను. అయిదుగురు మరణించిరి. ఆ తల్లిదండ్రులు హంతకుని భార్యను ఓదార్చి, అతని భూస్థాపనకు వెళ్లిరి. ఆ క్షమను తలంచినప్పుడు నా తల వంగును. గెత్సేమనేలో పేతురు కత్తి దూసినప్పుడు దానిని మెచ్చక, గాయపడిన చెవిని బాగుచేసిన ప్రభువు శిష్యులు వారు.

కాని పిల్ల పడిన పిమ్మట చేయవలసినది క్షమ. పడకమునుపు చేయవలసినది గోడ. మొదటిది దేవుని కృపవలన కొందరికే సాధ్యము. రెండవదానికి ఒక తాళము, ఒక ప్రశ్న, ఒక ధైర్యపు మాట చాలును. ఈ పత్రిక చేరిన ప్రతి ఇంటివారు ఈ రాత్రి తమ మిద్దెను ఒకసారి చూచుకొందురు గాక.